వసిష్ఠుడి పక్కన చిన్న చుక్క

పెళ్లి సీనంటే మా నాన్నకి విసుగు. ఆయన సినిమాల్లో లైట్‌మన్. ఫైటైనా, పాటైనా, అర్ధరాత్రి వాన సీనైనా నోరెత్తకుండా చేసుకొచ్చేవాడు. మర్నాటి షూటింగ్ పెళ్లి మంటపంలో అని తెలిస్తే మాత్రం రాత్రి అన్నం దగ్గరే మొహం ముడుచుకునేవాడు. పట్టుచీరల జరీ, ఇత్తడి బిందెలు, మెళ్లో నగలు, అన్నీ వెలుగుని తిప్పి కెమెరా మీదికే కొట్టేవి. హోమం పొగ లేస్తే లైటు దారంతా తెల్లగా చారలు కట్టేది. తలంబ్రాల షాట్ ఓకే అయ్యేదాకా పోసిన బియ్యమే చాపమీంచి ఎత్తి మళ్లీ పళ్లెంలో పోసేవాళ్లు. "నిజం పెళ్లి ఒక పూటలో తెమిలిపోద్ది. మా పెళ్లికి వారం" అని అమ్మతో గొణిగేవాడు.

నాన్న పని నేర్చుకున్నది మద్రాసు వడపళనిలో, వాహినీ స్టూడియోలో. తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాదుకి తరలుతున్న రోజుల్లో, 1980ల మధ్యలో, మేమూ సామాను కట్టుకుని వచ్చేశాం. అప్పటికి బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో వచ్చి దాదాపు పదేళ్లయింది. 1976 జనవరిలో దాన్ని ప్రారంభించేనాటికి అక్కడ రాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేవని, అక్కినేనిగారికి ఇదేం పిచ్చి అని జనం అనుకున్నారని నాన్న చెప్పేవాడు. మేం దిగిన ఫిల్మ్ నగర్ సంగతీ అంతే. పద్మాలయా స్టూడియో ఉండేది. తర్వాత కొండ మీద రామానాయుడు స్టూడియో లేచింది. మధ్యలో అక్కడక్కడా ఒక బంగళా, దాని చుట్టూ ఎత్తు గోడ, గోడకి ఇవతల మాలాంటి వాళ్ల చిన్న ఇళ్లు. మిగతాదంతా బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి వదిలేసినట్టు నిలబడ్డ నల్లరాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. దసరా ముందు ఆ పళ్ల కోసం మేమూ కోతులూ పోటీ పడేవాళ్లం.

రాత్రయితే వీధిలైటు ఒకటి వెలిగేది, రెండు వెలిగేవి కావు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు వెళ్లాలంటే నాన్న టార్చిలైటు పట్టుకునేవాడు. కరెంటు పోయిందంటే కొండ దిగువన షేక్‌పేట వైపు, ఇటు మాదాపూర్ వైపు, ఒక్క దీపం కనిపించేది కాదు. పైన మాత్రం చుక్కలు పిండి వడబోసినట్టుండేవి. ఉన్నట్టుండి ఏదో ఒక బంగళా ముందు జనరేటర్ వ్యాన్ ఆగేది. దాని మోత మొదలైన కాసేపటికి ఆర్క్ లైట్లు అంటుకునేవి. ఆ బంగళా, దాని ముందున్న బండలు, చెట్ల ఆకులు తెల్లగా పగలైపోయేవి. మా మేడమీద చుక్కలు సగం మాయం. ప్యాకప్ అన్నాక మళ్లీ వచ్చేవి. చుక్కలు రావడం, పోవడం మా నాన్న వాళ్ల చేతుల్లో ఉంటుందని నేను చాలా ఏళ్లు నమ్మాను.

మా వీధి చివర ఒక పంతులుగారుండేవారు. కోనసీమ మనిషి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఆయన అసలు వృత్తి. అది కాక సినిమాల ముహూర్తాలకి కొబ్బరికాయ కొట్టించేవారు, పెళ్లి సీను ఉంటే పురోహితుడి వేషంలో కూర్చునేవారు. వేషం అంటే వేషమేమీ లేదు. ఇంట్లోంచి వెళ్లిన పంచె, ఉత్తరీయం అవే. మంత్రాలూ అవే. "అసలు మంత్రం చదవకండి పంతులుగారూ, నిజంగా పెళ్లయిపోతుంది" అని హీరోయిన్ తల్లులు భయపడేవాళ్లట. అందుకని ఆయన సూత్రం కట్టే చోట వేరే ఏ మంత్రపుష్పమో అందుకునేవారు. అది నిజమో, మమ్మల్ని నవ్వించడానికి చెప్పారో తెలీదు.

బడి లేని రోజున ఒకసారి నాన్న నన్ను సెట్‌కి తీసుకెళ్లాడు. ఆ రోజు తీసేది అరుంధతీ దర్శనం. పగలు పదకొండింటికి, నాలుగు గోడల మధ్య, పైన చెక్కల మీద వరసగా లైట్లు పెట్టిన ఫ్లోర్‌లో అరుంధతిని చూడాలి. హీరో చెయ్యి చాపి పైకి చూపించాడు. హీరోయిన్ తల ఎత్తింది. ఇద్దరి చూపూ రెండు దిక్కులకి పోయింది. కెమెరామన్ వద్దన్నాడు. అప్పుడు ఒక అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు నిచ్చెన ఎక్కి, కెమెరా పక్కన పిడికిలి బిగించి పైకెత్తి, "సార్, మేడమ్, నా చేతికి లుక్ ఇవ్వండి" అన్నాడు. ఇచ్చారు. ఓకే అయింది. ఆ కుర్రాడి మణికట్టుకి ఎర్ర దారం, చంక దగ్గర చెమట మరక నాకిప్పటికీ గుర్తు. ఆ సినిమా రిలీజయ్యాక హాల్లో కూచుని చూస్తుంటే పక్కావిడ కళ్లు తుడుచుకుంటోంది. నాకు మాత్రం తెర అవతల ఆ పిడికిలే కనిపించింది.

ఆ సాయంత్రమే పంతులుగారిని అడిగాను, నిజం పెళ్లిలో కూడా ఇలాగే ఉత్తుత్తిదేనా అని. ఆయన నవ్వి ఊరుకున్నారు. "వైశాఖంలో మీ పక్కింటమ్మాయి పెళ్లి ఉందిగా, నిద్రపోకుండా ఉండు, చూపిస్తాను" అన్నారు.

పక్కింటి అక్క పెళ్లి వాళ్లింటి ముందు ఖాళీ జాగాలోనే జరిగింది. అప్పటికి ఫంక్షన్ హాళ్ల మోజు మా వీధిదాకా రాలేదు. కొబ్బరాకుల పందిరి, రాటలకి కట్టిన ట్యూబులైట్లు, అద్దెకి తెచ్చిన ఇనప కుర్చీలు. ముహూర్తం రాత్రి ఎనిమిది దాటాక. జీలకర్ర బెల్లం పెట్టేవేళకి బంధువులంతా మంటపం మీద పడ్డారు. సూత్రధారణ, తలంబ్రాలు అయ్యేసరికి సగం మంది విస్తళ్ల ముందుకెళ్లిపోయారు. ఏ పెళ్లిలోనైనా అంతే. తలంబ్రాల దాకా ఊరిది, ఆ తర్వాత హోమం దగ్గర పంతులుగారిది, కొత్త జంటది, మోకాళ్లు నొప్పెట్టినా లేవలేని అమ్మానాన్నలది. సప్తపది నడిచారు. అక్క పాదం సన్నికల్లు మీద పెట్టించి మెట్టెలు తొడిగారు. తమ్ముడు దోసిట్లో పేలాలు పోస్తే హోమం చేశారు. అన్నీ అయ్యాక పంతులుగారు లేచి పంచె సర్దుకుని, "ఇక బయటికి రండి" అన్నారు.

నాకు నిద్ర ముంచుకొస్తోంది. బయటికొచ్చి చూస్తే ఆకాశం బూడిదరంగులో ఉంది. పైన మలుపులో బంగళా దగ్గర ఏదో సినిమా నైట్ షూటింగ్. ఆర్క్ లైటు తెల్లటి వెలుగు కొండంతా పరుచుకుంది. నాన్న ఒక్క క్షణం నిలబడ్డాడు. ముందు పందిరి ట్యూబులైట్ల ప్లగ్గు పీకించాడు. తర్వాత లుంగీ ఎగ్గట్టి మలుపు వైపు నడిచాడు. అక్కడున్న చీఫ్ లైట్‌మన్ ఆయనకి మద్రాసు రోజుల స్నేహితుడు. ఏం మాట్లాడుకున్నారో గానీ, షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆర్క్ లైట్ల కార్బన్ కడ్డీలు మార్చుకునే సందులో ఆ లైట్లు ఆరిపోయాయి.

ఒక్కసారిగా చీకటి. ఎవరో పిల్లవాడు ఏడ్చాడు. కళ్లు అలవాటు పడటానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి.

పంతులుగారు తొందరపడలేదు. ముందు ఉత్తరం వైపు తిప్పి నిలబెట్టారు. "అమ్మా, పైకి చూడు. సగం ఎత్తు కన్నా కొంచెం పైన ఏడు పెద్ద చుక్కలు కనిపిస్తున్నాయా? నాలుగు మంచం కోళ్లలా, మూడు తోకలా?" కనిపించాయంది. "ఆ తోకలో మూడిట్లో నడిమిది చూడు. ఆయన వసిష్ఠులవారు. ఆయన్నే చూస్తూ ఉండు. పక్కనే, ఇంకో చుక్క. చిన్నది. ఆవిడ." అక్క చాలాసేపు మాట్లాడలేదు. తలమీద బాసికం, మెళ్లో దండలు, మెడ ఎత్తడమే కష్టం. చివరికి "ఆ... ఉంది" అంది, పెళ్లిలో అంతసేపట్లో ఆమె గొంతు మామూలుగా పలికింది అప్పుడే.

బావగారి వంతు. ఆయన వెంటనే కనిపించిందన్నాడు. పంతులుగారికి అనుమానం వచ్చింది. "ఎటు పక్క ఉంది నాయనా?" బావగారు నీళ్లు నమిలాడు. ఫొటోల్లో మెరుస్తుందని పొద్దున్నే కళ్లజోడు తీయించేశారు. "జోడు తెప్పించండర్రా. శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నారు పంతులుగారు. తోడల్లుడు విడిదింట్లోకి పరిగెత్తాడు. జోడు వచ్చేదాకా అందరం చీకట్లో నిలబడ్డాం. జోడు పెట్టుకున్నాక కూడా ఆయనకి దొరకలేదు. అక్కే దండలు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో వేలు చాపి, "నడిమి చుక్కకి కొంచెం పైన... కాదు, ఇటు" అని చూపించింది. ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం చుక్కలు పొడిచాక వరుడు వధువుని తూర్పుకో ఉత్తరానికో బయటికి తీసుకొచ్చి ధ్రువుణ్ణి, అరుంధతిని చూపించాలి. మా వీధిలో వధువే వరుడికి చూపించింది. పంతులుగారు ఏమీ అనలేదు. ధ్రువుడు మాత్రం ఎవరికీ కనిపించలేదు. హైదరాబాదు నుంచి చూస్తే ధ్రువుడు దిగంతం మీద సుమారు పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాపి పిడికిలి పెడితే పిడికిలిన్నర ఎత్తు కన్నా కాస్త ఎక్కువ. మా ఇళ్లకి ఉత్తరాన ఏనుగంత గుండు అడ్డం. "ఆ బండ వెనకాల ఉన్నాడు, దణ్ణం పెట్టుకోండి" అని పెట్టించారు. ఇంతలో జనరేటర్ మోత పెరిగింది, మళ్లీ లైట్లొచ్చాయి.

ఆ ఎండాకాలమంతా నాకదే ధ్యాస. రోజూ మేడెక్కి వెతుక్కునేదాన్ని. పంతులుగారు సాయంత్రం అరుగు మీద కూచుంటే అడిగేదాన్ని. ఆయన చెప్పిన కథల్లో మొదటిది అందరికీ తెలిసిందే. సప్తర్షుల భార్యల మీద అగ్నిదేవుడు మనసుపడితే, స్వాహాదేవి ఆరుగురి రూపాలు ఒక్కొక్కటిగా వేసుకోగలిగింది, అరుంధతి రూపం మాత్రం ఆవిడకి చేతకాలేదు. అరణ్యపర్వంలో ఉంది. భర్తలు అనుమానించి వదిలేసిన ఆ ఆరుగురే కృత్తికలయ్యారు, ఆకాశంలో ఇంకోచోట గుంపుగా ఉంటారు. అరుంధతి ఒక్కతే భర్త పక్కన మిగిలింది. అందుకని పెళ్లికూతురికి ఆవిడని చూపిస్తారు.

మా అమ్మ అక్కడే బియ్యం ఏరుతూ వింది. "మరి ఆ ఆరుగురి తప్పేముంది పంతులుగారూ? వేషం వేసింది ఇంకొకావిడ కదా" అంది. ఆయన గొంతు సవరించుకుని నీళ్లు తాగారు. "అరుంధతిలా ఉండమని పిల్లకి చెబుతారు సరే, వసిష్ఠుడిలా ఉండమని అబ్బాయికి చెప్పరేం?" అని ఇంకోటి వేసింది. అమ్మకి ఆ రోజు నాన్న మీద ఏదో కోపం ఉండి ఉంటుంది.

పంతులుగారు మంచివారు. దాటవెయ్యలేదు. కొన్నాళ్ల తర్వాత ఆయనే ఇంకో కథ చెప్పారు. పెళ్లిళ్లలో ఎవరూ చెప్పనిది. ఆదిపర్వంలో ఖాండవదహనం దగ్గర మందపాలుడనే ఋషి చెబుతాడు: వసిష్ఠుడంతటి శుద్ధుణ్ణి కూడా అరుంధతి ఒకసారి అనుమానించింది, ఆ అనుమానం వల్లే ఆవిడ పొగచూరినట్టు మసకై, కనిపించీ కనిపించనట్టు ఉండిపోయింది. ఆ చుక్క ఎందుకంత చిన్నదో దానికి మన పెద్దలు చెప్పుకున్న కారణం అది. ఏ అనుమానమూ ఎరగని మహాసాధ్వి అని మంటపంలో చెప్పే అరుంధతి ఒకరు. మొగుడి మీద ఒకరోజు అనుమానం వచ్చి, దాని మచ్చ మోస్తూ, అయినా పక్కనే ఉన్న అరుంధతి ఇంకొకరు. నాకు రెండో ఆవిడే నచ్చింది. మా అమ్మకీను.

భీష్మపర్వంలో ఇంకొకటుంది. యుద్ధానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి చెప్పే అపశకునాల్లో, అరుంధతి వసిష్ఠుణ్ణి వెనక్కి నెట్టి ముందు నడుస్తోందని ఒకటి. ఆడది ఒక అడుగు ముందేస్తే ఉత్పాతమే! దీన్ని పట్టుకుని మహాభారత కాలాన్ని లెక్కగట్టేవాళ్లు ఇప్పుడున్నారు. ఆ జోలికి నేను పోను.

ఇంకో కథ పంతులుగారి అరుగు మీదది కాదు. నాతో చదువుకునే పిల్ల ఇల్లు ఫిల్మ్ నగర్ బస్తీలో కింది వరసలో. వాళ్ల నాయనమ్మ ఎండాకాలం బయట నులకమంచం మీద పడుకునేది. నేను పక్కింటి పెళ్లి గురించి గొప్పగా చెబుతుంటే ఆమె లేచి కూచుంది. "గా సుక్క ఎవలనుకున్నవ్ బిడ్డా? మా మాదిగోళ్ల ఆడబిడ్డ. రుషి ఏరికోరి చేసుకున్నడు. గందుకే బాపనోల్లయినా, కోమటోల్లయినా, లగ్గంల గామెకు మొక్కకుంటే లగ్గం కాదు" అంది. ఇంటికొచ్చి పంతులుగారికి చెప్పాను. ఆయన కోప్పడతారేమో అనుకున్నాను. "వసిష్ఠుడి భార్య అక్షమాల తక్కువ కులంలో పుట్టిందని మనువే రాశాడు, తొమ్మిదో అధ్యాయంలో. ఆ అక్షమాలే అరుంధతి అంటారు" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత చాలాసేపు విసనకర్ర ఊపుకుంటూ కూచున్నారు. తెలుగునాట అరుంధతీయులన్న పేరు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంది. తమిళనాడులో అరుంధతియర్లకి 2009లో మూడు శాతం ప్రత్యేక రిజర్వేషన్ ఇచ్చారు. వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లు చాలామంది. పెళ్లికొచ్చి కింద కూచోలేని కులం బిడ్డకి, ఆకాశం వంక తలెత్తి అన్ని కులాల వాళ్లూ దణ్ణం పెడతారు. ఈ సంగతి ఏ పెళ్లి సీనులోనూ చూపించగా నేను చూడలేదు.

ఒకసారి బడివాళ్లు మమ్మల్ని నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లారు. 1985లో దాన్ని ప్రారంభించింది అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుగారు. సినిమా మనిషి తెరిచిన ఇంకో చీకటిగది అది. అక్కడ నేర్చుకున్నవీ, తర్వాత చదువుకున్నవీ కలిపి చెబుతాను. వసిష్ఠుణ్ణి బయటివాళ్లు మైజార్ అంటారు, అరుంధతిని ఆల్కార్. మనకి ఎనభై కాంతి సంవత్సరాలకి కాస్త అవతల ఉన్నారిద్దరూ. ఆకాశంలో వాళ్ల మధ్య ఎడం చందమామ వెడల్పులో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. అరబ్బులు కూడా ఆ చిన్నచుక్కతోనే కంటిచూపు పరీక్షించుకునేవాళ్లు. మన వైద్యం ఇంకో మెట్టు ముందుకు పోయింది. అరుంధతి కనిపించని మనిషికి ఆయువు మూడిందని సుశ్రుతం. మా బావగారి విషయంలో కళ్లజోడు అడ్డుపడి ఆయువు నిలబెట్టింది.

టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడే రెండుగా విడిపోతాడు, ఆ రెండూ మళ్లీ రెండేసి. అరుంధతికీ ఒక చిన్న తోడు ఉందని 2009లో తేలింది. మొత్తం ఆరుగురు. ఇప్పుడు పెళ్లి సీజను రాగానే వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంది: మిగతా జంటనక్షత్రాల్లో ఒకటి ఇంకొకదాని చుట్టూ తిరుగుతుందట, అరుంధతీ వసిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట, అది మన ఋషులకి ముందే తెలుసట. ఇది వట్టిమాట. ఏ జంటనక్షత్రమైనా రెండూ కలిసి వాటి ఉమ్మడి భారకేంద్రం చుట్టూనే తిరుగుతాయి, వీళ్లకేమీ ప్రత్యేకత లేదు. వీళ్లిద్దరూ ఒకరికొకరు కట్టుబడి తిరుగుతున్నారా అన్నదాని మీదే చాలాకాలం వాదన నడిచింది. తిరిగినా ఒక్క చుట్టుకి లక్షల ఏళ్లు పడుతుంది, కంటితో పసిగట్టేది కాదు. మంత్రం రాసినవాళ్లకి టెలిస్కోపు లేకపోవడం చిన్నతనం కాదు. పెద్ద చుక్క పక్కన చిన్న చుక్కని విడదీసి చూసి, దానికి పేరుపెట్టి, ఇంటి కోడలికి చూపించారు. అదే గొప్ప.

చూపించే పద్ధతి ఇంకా గొప్పది. ముందు పెద్దదాన్ని చూపించి, అదే అరుంధతి అనిపించి, కన్ను అక్కడ నిలిచాక అది కాదు, దాని పక్కది అనడం. దీన్ని అరుంధతీ న్యాయం అంటారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో వాడుకున్నారు. కనిపించేదాని మీదుగా కనిపించనిదాని దగ్గరికి మనిషిని తీసుకెళ్లడానికి. వేదాంతులకి అది బ్రహ్మం. పెళ్లిలో మాత్రం అది ఒట్టి చుక్కే. ముందు రోజు దాకా ఒకరినొకరు సరిగ్గా చూసుకోని ఇద్దరు, అగ్ని ముందు అన్ని ప్రమాణాలూ చేశాక, మొదట కలిసి చేసే పని ఏమిటి? బయటికొచ్చి, చీకట్లో నిలబడి, చాలా చిన్నదాన్ని ఒకటి వెతకడం. ఒకరికి ముందు దొరుకుతుంది. వాళ్లు రెండోవాళ్లకి చూపించాలి. పాతివ్రత్యం అనే ఉపన్యాసం కన్నా నాకు ఇదే ఆ తంతుకి అసలు అర్థంగా కనిపిస్తుంది. ఆపస్తంబుడు చుక్కలు పొడిచేదాకా ఇద్దర్నీ మాట్లాడకుండా కూచోమన్నాడు. ఆశ్వలాయనుడు చుక్కల్ని చూశాకే వధువుని మౌనం విడవమన్నాడు. ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి మేడమ్" అనే రోజుల్లో ఆ మౌనం ఎవరి తరం?

1990లు వచ్చేసరికి మా వీధిలో పగటి ముహూర్తాలు ఎక్కువయ్యాయి. రాత్రి పెళ్లంటే బంధువులకి బస్సులుండవని, కేటరింగ్‌కి ఇబ్బందని. ఉదయం పదిన్నరకి తాళి కట్టి, పదకొండున్నరకి పంతులుగారు బయటికి తీసుకొచ్చి నీలాకాశం వంక వేలు చూపించేవారు. అందరూ కనిపించిందనేవాళ్లు. "పగటి వెలుగులో కనపడదంతే, ఆవిడ అక్కడే ఉంది" అనేది ఆయన మాట. తర్వాత నేను లెక్క చూసుకున్నాను. వైశాఖంలో ఉదయం పదకొండింటికి అరుంధతి ఆకాశంలో లేనే లేదు, భూమికి అవతల ఉంది. పంతులుగారి వేలు ఎటు చూపించినా ఒకటే. కార్తీకంలో అయితే ఆ వేళకి నిజంగానే ఉత్తరాన నడినెత్తి వైపు ఎక్కి ఉంటుంది, నీలం వెనకాల. అంటే కార్తీక మాసపు పగటి పెళ్లిలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం, వైశాఖంలో అబద్ధం. ఈ సంగతి చెబుదామనుకునే వేళకి ఆయన లేరు.

చీకటి పోవడం ఒక్కరోజులో జరగలేదు. బేగంపేటలో నిజామియా వేధశాల ఉండేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన వేధశాల అది. లక్షల నక్షత్రాల చోట్లు లెక్కగట్టిన పరిశీలకులు పనిచేసిన చోటు. ఊరి వెలుగు పెరుగుతుంటే అక్కడ ఉండి లాభం లేదని, 1968లో 48 అంగుళాల కొత్త టెలిస్కోపుని ఊరికి దూరంగా జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టారు. చదువుకున్నవాళ్లకి అప్పుడే తెలిసింది. మాకు 1998లో తెలిసింది. ఆ నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ధ్రువుడికి కాస్త ఎడమగా, మా వాయవ్యాన, ఎప్పుడూ లేని నారింజరంగు వెలుగు దిగంతం మీద నిలబడిపోయింది. ప్యాకప్ అయినా ఆరని వెలుగు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చాక అదీ రంగులు మారుస్తోంది. మా ఉత్తరపు గుండుని పేల్చేసి అపార్టుమెంటు కట్టారు. ధ్రువుడు ఎవరికోసమూ కదలడంటారు గానీ, ఆయన ముందు అయిదంతస్తులు లేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు. అసలు కదలడన్నదీ పూర్తి నిజం కాదు. భూమి ఇరుసు ఇరవై ఆరు వేల ఏళ్లకొక చుట్టు తిరుగుతుంది కాబట్టి, అయిదు వేల ఏళ్ల కిందట ధ్రువస్థానం దగ్గర ఉన్నది వేరే చుక్క.

2001లో కృష్ణవంశీ 'మురారి' వచ్చింది. పెళ్లంటే ఇలా ఉండాలి అని ఇంటింటా అనిపించిన సినిమాల్లో అదొకటి. ఆ తర్వాత జూబ్లీహిల్స్ పెళ్లిళ్లు చూస్తే నాన్నకి నవ్వొచ్చేది. ఏ సెట్టు లైట్లు వేసి ఆయన విసిగిపోయాడో, అవే లైట్లు, అదే జనరేటర్ వ్యాను కన్వెన్షన్ హాళ్ల ముందు కనిపించేవి. రిటైరయ్యే ముందు ఆయనా కొన్ని పెళ్లిళ్లకి లైటింగ్ చేశాడు. బత్తా షూటింగు కన్నా ఎక్కువే ఇచ్చేవాళ్లట. ఒక పెళ్లిలో పురోహితుడు జంటని పచ్చికలోకి తెచ్చి అరుంధతిని చూపిస్తానంటే, నాన్న తన దగ్గరున్న లైట్లు ఆపబోయాడు. వీడియో అతను అరిచాడు. "అంకుల్, బ్లాక్ అయిపోతది, లైటు వెయ్యండి." నాన్న వేశాడు. జంట డ్రోన్ కెమెరా వంక చూసి నవ్వింది. సెట్ మీద అసిస్టెంట్ కుర్రాడి పిడికిలికి ఇప్పుడు నాలుగు రెక్కలొచ్చాయి, అంతే తేడా.

ఆ వీడియో కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతని పని అతనిది. డబ్బులిచ్చేది ఇంటివాళ్లు, అడగవలసిందీ వాళ్లే. పాతకాలం మంచిది అని ఏడవడానికి కూడా నేను ఇది రాయడం లేదు. ఆ చీకట్లో మాకు తేళ్లు కుట్టేవి, కింది బస్తీలో నీళ్ల కోసం అర్ధరాత్రి కొట్టుకునేవాళ్లు. వీధిలైటు వస్తే మొదట సంతోషించింది మా అమ్మే. కానీ ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకి ఒక మాట చెప్పగలను.

ముహూర్తం వైశాఖ జ్యేష్ఠాల్లో, రాత్రిపూట అయితే మీ అదృష్టం. తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఉత్తరానికి తిరిగి, సగం ఎత్తుకి కాస్త పైన చూడండి. ఫాల్గుణంలో రాత్రి పది దాటితే ఈశాన్యాన. మాఘంలో అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే చాలా బాగా కనిపిస్తుంది. శ్రావణంలో ఎనిమిదింటికి వాయవ్యాన ఉంటుంది గానీ మబ్బుల దయ. కార్తీకంలో తెల్లవారుజామున మూడు నాలుగు దాటాలి. పగటి పెళ్లయితే ఊరికే వేలు చూపించి కనిపించిందనిపించకండి. పెద్ద చుక్కలు జూబ్లీహిల్స్ ఆకాశంలో ఇప్పటికీ కనిపిస్తాయి, వసిష్ఠుడు కూడా. చిన్నావిడ కోసమే చీకటి కావాలి. పెళ్లికొడుకుని కళ్లజోడు తియ్యనివ్వకండి. లైటింగ్ కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడే, హోమం అయ్యాక అయిదు నిమిషాలు అన్ని లైట్లూ ఆపాలని చెప్పి పెట్టుకోండి. లైట్‌మన్ కాదనడు.